మైకులో హమ్ వేట: ఇంట్లో కట్టిన కండెన్సర్ మైకు ప్రాజెక్టు డైరీ

బల్ల మీద ఉన్నది: 34 మిల్లీమీటర్ల క్యాప్సూల్ (శబ్దాన్ని పట్టే బిళ్ల), ఒక జెఫెట్ (దాని బలహీన సిగ్నల్‌ని అందుకునే ట్రాన్సిస్టర్), రెండు 1 గిగాఓమ్ రెసిస్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్ లేని బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ (సిగ్నల్ రెండు తీగల మీద వెళ్తుంది, రెంటి మీదా సమానంగా వచ్చే రొద అవతల రద్దవుతుంది). ఒళ్లు లాకర్ పూసిన ఇత్తడి గొట్టం, తల మీద జాలీ, అడుగున మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్: 1వ పిన్ను షీల్డ్‌ది, అంటే కేబుల్ తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగుది, 2, 3 సిగ్నల్‌వి. అక్కణ్నుంచి 5 మీటర్ల కేబుల్, యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్. గొంతు శుభ్రంగా పడుతోంది. మాట ఆగిన చోటల్లా వెనకాల గుమ్మని హమ్ వినిపిస్తోంది, దాని మీద సన్నగా ఇంకేదో గీసినట్టు ఒక రొద.

1వ రోజు: ఏ శబ్దమో తేల్చుకోవడం

కొత్త కేబుల్ కొనాలా, తీగకి ఫెరైట్ ఉంగరం (రేడియో రొదను అడ్డుకునేది) వేయాలా అన్న ఆలోచన ఈ దశలో వద్దు. హమ్ అని ఒకే పేరుతో పిలిచేది నిజానికి నాలుగైదు వేర్వేరు శబ్దాలు. ఒక్కొక్కటి ఒక్కో దారిన లోపలికి వస్తుంది, ఒక దారికి వేసిన మందు ఇంకో దారికి పనిచేయదు.

మొట్టమొదట చూడాల్సింది, రొద రికార్డయిన ఫైల్లో ఉందా, స్పీకర్లలో మాత్రమే ఉందా అని. స్పీకర్లకూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్య ఎర్త్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్ కలిసి, కరెంటు తిరిగే చుట్టు) ఉంటే ఫైల్ శుభ్రంగా ఉన్నా గదిలో హమ్ మోగుతుంది. ఆ ఫైల్ని వేరే పరికరంలో హెడ్‌ఫోన్లతో వింటే తేలిపోతుంది. ఇక్కడ ఫైల్లోనే ఉంది.

తర్వాత స్పెక్ట్రమ్. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో 30 సెకన్లు రికార్డు చేసి, 65536 పాయింట్ల హాన్ విండోతో చూశాం. ఈ సైజులో ఒక్కో గీత వెడల్పు 0.73 హెర్ట్జ్, కాబట్టి 50కీ 51కీ తేడా కనబడుతుంది. గెయిన్ నాబ్ 45 డెసిబెళ్ల దగ్గర పెట్టి, కదలకుండా టేపు వేశాం. ప్రాజెక్టు ముగిసేదాకా ఆ టేపు తీయకూడదు. గెయిన్ మారితే పాత రీడింగులన్నీ వృథా.

కనిపించినవి ఇవి. డిజిటల్ స్కేలు పైకప్పును 0గా తీసుకుంటే 50 హెర్ట్జ్ దగ్గర మైనస్ 48 డెసిబెళ్లు, పక్కన 150, 250 గీతలు. 100, 200, 300 వరసలో చిన్న గీతలు, మొదటిది మైనస్ 84. విడిగా 1 కిలోహెర్ట్జ్ దగ్గర మైనస్ 96, 8 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంకో ముల్లు. కరెంటు 60 హెర్ట్జ్ ఉన్నచోట ఇవే 60, 180, 300గానూ, 120, 240, 360గానూ కనిపిస్తాయి.

వీటిని చదివే పద్ధతి చెప్పుకోవాలి. 50, దాని బేసి గుణిజాలు ఎక్కువగా ఉంటే అది కరెంటు తీగల చుట్టూ ఉండే క్షేత్రం నేరుగా అంటుకోవడం. 100 వరస దట్టంగా కిలోహెర్ట్జ్‌ల దాకా పాకితే రెక్టిఫయర్లు, డిమ్మర్లు కొట్టే కరెంటు పోట్లు ఎర్త్ తీగలోనో షీల్డ్‌లోనో పారుతున్నాయని అర్థం. చెవికి మొదటిది మెత్తగా గుమ్మన్నట్టు ఉంటుంది, రెండోది తుమ్మెద రొదలా గరగరలాడుతుంది. సరిగ్గా 1 కిలోహెర్ట్జ్, 8 కిలోహెర్ట్జ్ ముళ్లు యూఎస్‌బీ వేలిముద్రలు: ఫుల్ స్పీడ్ ఫ్రేము 1 మిల్లీసెకనుకు ఒకటి, హై స్పీడ్ మైక్రోఫ్రేము 125 మైక్రోసెకన్లకు ఒకటి. టకటకమని తెరలు తెరలుగా వచ్చే 217 హెర్ట్జ్ 2జీ ఫోనుది. ఫోను బల్ల మీంచి తీసి అవతల పెడితే ఆ గొడవ వదులుతుంది, దాని గురించి ఇంతకన్నా రాయాల్సింది లేదు.

2వ రోజు: రెండు డమ్మీలు

గది శబ్దం అడ్డొస్తే ఎలక్ట్రికల్ హమ్ కొలవలేం. ఫ్యాను మోటారు, ఫ్రిజ్, ట్రాన్స్‌ఫార్మర్ నిజంగానే 100 హెర్ట్జ్ శబ్దాన్ని గాల్లోకి వదులుతాయి. మైకు దాన్ని నిజాయితీగా వినిపిస్తే అది మైకు తప్పు కాదు. అందుకని క్యాప్సూల్ విప్పి, దాని స్థానంలో 68 పికోఫ్యారడ్ల సీ0జీ సిరామిక్ కెపాసిటర్ టంకం పెట్టి, గొట్టం మూసేశాం. ఈ మైకుకి ఇప్పుడు చెవి లేదు, కానీ సర్క్యూట్‌కి క్యాప్సూల్ ఉన్నట్టే అనిపిస్తుంది. ఇందులో మిగిలే ప్రతి గీతా ఎలక్ట్రికల్‌దే. 1వ రోజు అంకెలన్నీ దీంతో మళ్లీ తీశాం. 50 దగ్గర మార్పు లేదు, 100 దగ్గర 2 డెసిబెళ్లు తగ్గింది. అంటే గది శబ్దం వాటా కొద్దిగానే ఉంది.

రెండో డమ్మీ ఇంటర్‌ఫేస్ కోసం. మగ ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్‌లో 2, 3 పిన్నుల మధ్య 150 ఓమ్‌ల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్, ప్లగ్ ఒంటికీ 1వ పిన్నుకీ చిన్న తీగ, మూత బిగింపు. రెండు పిన్నుల మీదా ఫాంటమ్ (ఇంటర్‌ఫేస్ అదే కేబుల్లో మైకుకి పంపే పవర్) ఒకే వోల్టేజి ఉంటుంది కాబట్టి 48 వోల్టులు ఆన్‌లో ఉన్నా రెసిస్టర్‌కి ఏమీ కాదు. ఖాళీ సాకెట్‌తో పరీక్షించడం చాలామంది చేసే పొరపాటు. తెరిచి ఉంచిన ఇన్‌పుట్ తానే యాంటెనా అయిపోతుంది, ఆ అంకెకు అర్థం లేదు. 150 ఓమ్‌ల సొంత థర్మల్ నాయిస్ 20 కిలోహెర్ట్జ్ వెడల్పులో 0.22 మైక్రోవోల్టు. 150 ఓమ్‌ల మూలం పెట్టినప్పుడు ఏ ఇన్‌పుట్టూ అంతకన్నా నిశ్శబ్దంగా ఉండదు, కాబట్టి పోల్చుకోవడానికి గట్టి నేల దొరికినట్టే.

డమ్మీ ప్లగ్‌తో 50, 100 వరసలు మాయమయ్యాయి. 1 కిలోహెర్ట్జ్ ముల్లు మాత్రం అలాగే ఉంది, ఫాంటమ్ ఆపితే పోయింది. పని రెండుగా చీలింది: హమ్ మైకు వైపుది, సన్న కూత ఇంటర్‌ఫేస్ పవర్‌ది.

3వ రోజు: ఒళ్లు ఎర్త్ అయిందా

ముందు చేత్తో పరీక్ష. మైకు ఒంటిని గట్టిగా పట్టుకుంటే హమ్ 9 డెసిబెళ్లు పెరిగింది. షీల్డింగ్ సరిగ్గా ఉన్న మైకుని పట్టుకున్నా వదిలినా మార్పు ఉండకూడదు. పెరిగిందంటే ఒళ్లు ఎక్కడా కలవకుండా గాల్లో తేలుతోంది, మనిషి ఒంటి మీద ఉండే మెయిన్స్ వోల్టేజీని జెఫెట్ ఇన్‌పుట్ కాలు, అంటే గేటు దాకా మోసుకుపోతోంది. తాకినప్పుడు తగ్గితే కథ వేరు: మొత్తం వ్యవస్థకే ఎర్త్ లేదు, మనిషి ఎర్త్ అవుతున్నాడు. దాని సంగతి 4వ రోజులో ఉంది.

మల్టీమీటర్ ప్రోబులు ఒకదానికొకటి ఆనిస్తే 0.3 ఓమ్. ప్రతి రీడింగులోంచీ అది తీసేయాలి. 1వ పిన్ను నుంచి గొట్టానికి: అనంతం. గొట్టం నుంచి జాలీ ఉంగరానికి: ఒకసారి 2 మెగాఓమ్‌లు, ఉంగరం కాస్త తిప్పితే అనంతం. నేరం లాకర్‌ది. మరలు గట్టిగా బిగిసినా లోహం లోహాన్ని తాకడం లేదు.

ఇంత చిన్న సంగతి ఇంత హమ్ ఎందుకు తెస్తుందో లెక్క వేస్తే తెలుస్తుంది. క్యాప్సూల్, జెఫెట్ కలిసిన చోట కెపాసిటెన్స్ సుమారు 60 పికోఫ్యారడ్లు. 230 వోల్టుల తీగకూ ఆ బిందువుకూ మధ్య 0.001 పికోఫ్యారడ్ దొంగ కెపాసిటెన్స్ ఉంటే చాలు, వోల్టేజి ఆ నిష్పత్తిలోనే పంచుకుంటుంది: 230ని 0.001తో గుణించి 60తో భాగిస్తే 3.8 మిల్లీవోల్టులు. క్యాప్సూల్ సున్నితత్వం పాస్కల్‌కి 15 మిల్లీవోల్టులు అనుకుంటే అది 82 డెసిబెళ్ల శబ్దంతో సమానం. ఎదురుగా కూర్చుని గట్టిగా మాట్లాడినంత. అందుకే కండెన్సర్ మైకుకి లోహపు ఒళ్లు అలంకారం కాదు, సర్క్యూట్‌లో ఒక భాగం.

చేసిన పని: గొట్టం లోపలి అంచున 8 మిల్లీమీటర్ల వెడల్పున 400 నంబరు ఉప్పుకాగితంతో లాకర్ గీకి ఇత్తడి మెరిసేదాకా తెచ్చాం. పళ్ల వాషరు, దాని కింద టంకం పెట్టే లగ్, అక్కణ్నుంచి బోర్డు సున్నా వోల్టుల గీతకి, దాని మీదుగా 1వ పిన్నుకి కలిసేలా అల్లిక తీగ. ఉంగరం మరలకూ, జాలీ ఉంగరాన్ని తాకే చోటుకూ అదే మర్యాద. బిగించి కొలిస్తే అన్ని చోట్లా 0.1 ఓమ్ లోపే. జాలీ కూడా టంకం పట్టే లోహమైతే ఒక చుక్క టంకం వేసేయడమే మేలు, మర మీద నమ్మకం ఏడాదికి సడలుతుంది.

గొట్టం విప్పి ఉండగానే గేటు చుట్టూ ఉన్న ఫ్లక్స్ మరకలు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగాం. అవి హమ్ తేవు, తేమ పట్టిన రోజు చిటపటలు తెస్తాయి. ఇంకోసారి విప్పే బాధ తప్పింది.

రీడింగు: 50 హెర్ట్జ్ మైనస్ 48 నుంచి మైనస్ 66కి దిగింది. పట్టుకున్నా మారడం లేదు. కానీ 100, 200, 300 వరస మైనస్ 86 నుంచి మైనస్ 67కి పైకి లేచింది! తుమ్మెద రొద ఇప్పుడు హమ్‌ని మించి వినిపిస్తోంది.

4వ రోజు: బాగుచేస్తే పెరిగిన రొద

ఇలాంటి చోటే చాలామంది కంగారుపడి నిన్నటి మంచి పనిని విప్పేస్తారు. విప్పకూడదు. కొత్తగా ఏ దారి తెరుచుకుందో వెతకాలి.

మైకు స్టాండు ఇనుప బల్లకి బిగించి ఉంది. అదే బల్ల మీద మూడు పిన్నుల తీగ ఉన్న యాంప్లిఫయర్ పెట్టె, దాని ఒళ్లు బల్లకి తాకుతోంది. నిన్నటిదాకా మైకు ఒళ్లు దేనికీ కలవలేదు కాబట్టి దారి లేదు. ఇప్పుడు బల్ల నుంచి స్టాండు, మైకు ఒళ్లు, 1వ పిన్ను, కేబుల్ షీల్డ్, ఇంటర్‌ఫేస్, యూఎస్‌బీ, ల్యాప్‌టాప్ అడాప్టర్ ఎర్త్, మళ్లీ యాంప్లిఫయర్ ఎర్త్. పూర్తి చుట్టు. స్టాండు క్లిప్పులో రబ్బరు ముక్క పెట్టగానే వరస మైనస్ 85కి పడిపోయింది. లూప్ అని ఖాయమైంది.

ఒక హెచ్చరిక. లూప్ తెంచాలని మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం, టేపు చుట్టడం ఎవరు చెప్పినా చేయకండి. లోపల ఇన్సులేషన్ పోయిన రోజున ఆ వోల్టేజి మైకు జాలీ మీదికి, అక్కణ్నుంచి పెదాల మీదికి వస్తుంది. లూప్ తెంచాల్సింది సిగ్నల్ వైపు.

రబ్బరు ముక్కతో ఆపేయవచ్చు. కానీ అసలు ప్రశ్న మిగిలే ఉంది: షీల్డ్‌లో కరెంటు పారితే సిగ్నల్‌లో ఎందుకు వినిపించాలి? బ్యాలెన్స్‌డ్ లైనులో షీల్డ్ కరెంటు ఒంటి మీంచి పోయి ఊరుకోవాలి. విప్పి చూస్తే 1వ పిన్ను తీగ ముందు సర్క్యూట్ బోర్డుకి వెళ్లి, బోర్డు సున్నా వోల్టుల గీత పొడుగునా పాకి, అవతలి చివర నుంచి నిన్న వేసిన లగ్‌కి చేరుతోంది. అంటే ఎర్త్ కరెంటు జెఫెట్ కాళ్ల కింద నుంచే పారుతోంది. దీనికి 'పిన్ 1 ప్రాబ్లం' అని పేరు. నీల్ మన్సీ 1995లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ జర్నల్లో దీన్ని వివరంగా రాశారు, ఆ సొసైటీ ప్రమాణం ఏఈఎస్48 చెప్పేదీ ఇదే: షీల్డ్ ముందు ఒంటికే కలవాలి.

మార్పు చిన్నది. 1వ పిన్ను నుంచి సాకెట్ పక్కనే ఉన్న లగ్‌కి 15 మిల్లీమీటర్ల అల్లిక తీగ. అదే లగ్ నుంచి బోర్డు సున్నాకి వేరే తీగ ఒక్కటి. బోర్డు అవతలి చివర ఒంటికి ఉన్న కలయిక తీసేశాం. ఇప్పుడు ఎర్త్ కరెంటు తలుపు దగ్గరే వెనక్కి తిరిగిపోతుంది.

నిజంగా కుదిరిందో లేదో చూడటానికి జాన్ విండ్ట్ అదే 1995లో రాసిన 'హమ్మర్' పరీక్ష వాడాం. 12 వోల్టుల ఏసీ ఇచ్చే చిన్న ఐసొలేటెడ్ ట్రాన్స్‌ఫార్మర్, వరసలో ఒక 1ఎన్4007 డయోడు, 150 ఓమ్‌ల 1 వాట్ రెసిస్టర్. ఒక క్లిప్పు మైకు ఒంటికి, ఇంకోటి ఇంటర్‌ఫేస్ లోహపు పెట్టెకి. సుమారు 56 మిల్లీఆంపియర్ల కరెంటు బలవంతంగా షీల్డ్‌లోకి ఎక్కుతుంది. డయోడు సగం అలనే వదులుతుంది కాబట్టి హార్మోనిక్స్ నిండుగా ఉంటాయి, చిన్న తప్పు కూడా దాక్కోలేదు. పాత వైరింగ్‌తో ఈ కరెంటు పెడితే హెడ్‌ఫోన్లు తీసేయాలనిపించేంత రొద. కొత్త వైరింగ్‌తో చెవి ఒగ్గి వినాల్సి వచ్చింది. మైకు బదులు డమ్మీ ప్లగ్ పెట్టి, దాని ఒంటికి అదే క్లిప్పు తగిలిస్తే ఇంటర్‌ఫేస్‌కి కూడా అదే పరీక్ష అవుతుంది. అది నెగ్గింది.

రబ్బరు ముక్క తీసేసి కొలిస్తే 100 వరస మైనస్ 88. 50 హెర్ట్జ్ కూడా మైనస్ 73కి జారింది.

తాకితే హమ్ తగ్గే వాళ్ల కోసం: ల్యాప్‌టాప్ అడాప్టర్ రెండు పిన్నులదైతే, దాని లోపల రొద తగ్గించడానికి మెయిన్స్ వైపుకీ అవుట్‌పుట్ వైపుకీ మధ్య పెట్టే వై కెపాసిటర్ ద్వారా మొత్తం వ్యవస్థ మెయిన్స్‌లో సగం వోల్టేజి దగ్గర తేలుతుంది. మీటరుతో పెట్టె నుంచి ఎర్త్‌కి కొలిస్తే వంద వోల్టులకు అటూ ఇటూ చూపించి భయపెడుతుంది. కరెంటు మైక్రోఆంపియర్లలోనే ఉంటుంది, ఒంటికి తాకితే సన్నని జివ్వు. అడాప్టర్ ఊడదీసి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడండి. తేడా వస్తే మూడు పిన్నుల అడాప్టరో, ఎర్త్ ఉన్న పరికరంతో ఒకే ఒక్క కలయికో పెట్టాలి. రెండు పెడితే మళ్లీ లూప్.

5వ రోజు: రేకు ఆపలేని హమ్

మిగిలిన మైనస్ 73 విచిత్రంగా ప్రవర్తిస్తోంది. మైకుని ఎటు తిప్పినా అంతే, కేబుల్‌ని కదిపితే మారుతోంది. ఇది అయస్కాంత క్షేత్రం. కేబుల్ 2 మీటర్ల మేర ఎక్స్‌టెన్షన్ పెట్టె తీగ పక్కనే, రెండు అడాప్టర్ల మీదుగా పోతోంది.

దీనికి రాగి రేకు చుట్టడం శుద్ధ దండగ. 50 హెర్ట్జ్ దగ్గర రాగిలో స్కిన్ డెప్త్ (క్షేత్రం లోహంలోకి చొరబడే లోతు) 9.3 మిల్లీమీటర్లు. అంటే రేకు కాదు, వేలెడు మందం గోడ కావాలి. షీల్డ్ ఆపేది విద్యుత్ క్షేత్రాన్నే. అయస్కాంత క్షేత్రానికి మందులు మూడే: దూరం, కోణం, మెలిక. అడాప్టర్ లాంటి చిన్న మూలం నుంచి దూరం రెట్టింపు చేస్తే క్షేత్రం ఎనిమిదో వంతుకు, అంటే 18 డెసిబెళ్లు పడిపోతుంది. కేబుల్‌ని కరెంటు తీగకి 40 సెంటీమీటర్లు ఎడంగా జరిపాం, తప్పనిసరిగా దాటాల్సిన ఒక్క చోట లంబంగా దాటించాం. మైనస్ 82. పైసా ఖర్చు లేదు.

తర్వాతే స్టార్ క్వాడ్ కేబుల్. నాలుగు తీగల మెలికలో ఎదురెదురు తీగలు జత. మేం వాడిన కేనర్ ఎల్-4ఈ6ఎస్‌లో నీలాలు రెండూ 2వ పిన్నుకి, తెల్లవి రెండూ 3వ పిన్నుకి. పక్కపక్క తీగల్ని జతచేస్తే ఈ కేబుల్ మామూలు కేబుల్ కన్నా మెరుగేమీ కాదు. ప్లగ్ లోపల మెలిక విప్పింది 10 మిల్లీమీటర్లు దాటకూడదు, ఆ విప్పిన ఖాళీయే లూప్‌గా పనిచేస్తుంది. రీడింగు మైనస్ 90. ఇక అక్కడ కనిపించేది దాదాపుగా ఆ గిగాఓమ్ రెసిస్టర్ల సొంత నాయిసే. కిందికి దిగడానికి చోటు లేదు.

కేబుల్ మార్చాం కాబట్టి బ్యాలెన్స్ కూడా చూశాం. ఫాంటమ్ ఇచ్చే రెండు 6.8 కిలోఓమ్‌ల రెసిస్టర్లు ఒకదానికొకటి 0.4 శాతం లోపు సరిపోలాలన్నది ఊరికే పెట్టిన నియమం కాదు. ఒక కాలులో టంకం సరిగ్గా పడక 10 ఓమ్‌లు అదనంగా ఉంటే, 6.8 కిలోఓమ్‌ల ఎదుట ఆ తేడా వల్ల రెండు తీగల మీదా సమానంగా వచ్చే రొదను రద్దు చేసే శక్తి 57 డెసిబెళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఒక కాలు పూర్తిగా తెగితే స్థాయి పడిపోయి, హమ్ పెరుగుతుంది, కండెన్సర్ మైకైతే ఫాంటమ్ కూడా సగమే అందుతుంది. కొత్త ప్లగ్గుల్లో రెండు కాళ్లూ మీటరులో తేడా లేకుండా చూపించాయి.

6వ రోజు: సన్న కూత

1 కిలోహెర్ట్జ్, 8 కిలోహెర్ట్జ్ ముళ్లు ఫాంటమ్‌తో ముడిపడి ఉన్నాయని 2వ రోజే తెలుసు. ఇంటర్‌ఫేస్ తన 48 వోల్టుల్ని యూఎస్‌బీ 5 వోల్టుల నుంచే పుట్టిస్తుంది. ప్రతి ఫ్రేముకీ కరెంటు ఎగసిపడితే ఆ అల 48 వోల్టుల మీదికీ ఎక్కుతుంది. ల్యాప్‌టాప్‌లో అవతలి పోర్టుకి మార్చితే 4 డెసిబెళ్లు తగ్గింది. 2 మీటర్ల యూఎస్‌బీ తీగ తీసి అర మీటరుది పెడితే ఇంకో 5. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టాక ముల్లు నాయిస్‌లో కలిసిపోయింది. ఫెరైట్ ఉంగరం ఒకటి వేసి చూశాం, ఈ ముళ్ల మీద ప్రభావం సున్నా. ఫెరైట్ పని మెగాహెర్ట్జ్‌ల్లో, అక్కడ కూడా తీగని ఒక్కసారి దూర్చితే సరిపోదు. చుట్ల సంఖ్య వర్గంతో ఇంపెడెన్స్ పెరుగుతుంది కాబట్టి నాలుగైదు చుట్లు వేయాలి.

68 పికోఫ్యారడ్ల డమ్మీ తీసి క్యాప్సూల్ తిరిగి పెట్టాం. 75 హెర్ట్జ్ లో-కట్ (దాని కింది మోతను తగ్గించే ఫిల్టర్) రికార్డింగ్‌లో ఆన్. 50 మీద నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క గీతనే కోసేసేది) వేయలేదు, వేయాల్సిన అవసరం రాలేదు. రొద వరసగా కిలోహెర్ట్జ్‌ల దాకా ఉన్నప్పుడు నాచ్‌లు గుచ్చుకుంటూ పోతే గొంతు డొల్లగా తయారవుతుంది.

7వ రోజు: తెగని పని

రాత్రి దీపం వెలిగించాక 100 వరస మళ్లీ తల ఎత్తింది, ఈసారి 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య మైనస్ 92 దగ్గర దట్టంగా. డిమ్మర్ పూర్తిగా తిప్పితే లేదు, ఆర్పితే లేదు, సగంలో అత్యధికం. అల శిఖరం మీద స్విచ్ తెరుచుకునేది సగం వెలుగు దగ్గరే కాబట్టి అది సహజం.

గాలిలో వస్తోందా, తీగలోనా తేల్చడానికి హబ్ తీసేసి, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద, మెయిన్స్‌కి ఏ తీగా లేకుండా రికార్డు చేశాం. ముళ్లు అంతే ఉన్నాయి. గాలిలోనే. ఉంగరానికీ గొట్టానికీ మధ్య సందు మీద చెయ్యి కప్పితే 3 డెసిబెళ్లు తగ్గుతోంది, కాబట్టి అనుమానం ఆ అతుకు మీదే. మీటరు 0.1 ఓమ్ చూపించినా ఆ కలయిక ఒక్క చోటే ఉండి మిగతా చుట్టంతా లాకర్ సందుగా మిగిలి ఉండవచ్చు. తర్వాత చేయాల్సింది: ఉంగరం చుట్టూ నాలుగు వైపులా లాకర్ గీకడం, పైన 10 మిల్లీమీటర్ల రాగి టేపు. టేపు జిగురు కరెంటు పారనిస్తుందో లేదో ముందు రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించి మీటరు పెట్టి చూడాలి. పారకపోతే అంచున టంకం చుక్కలు. ఆ రీడింగులు వచ్చేదాకా రికార్డింగ్ వేళ డిమ్మర్ ఆర్పే ఉంటుంది.